రెండు భోజనాల రసీదు

ఏపీపీగా, అంటే ప్రభుత్వం తరఫున కేసులు వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా చేరినప్పుడు నాకు నాలుగేళ్ల ప్రాక్టీసు ఉంది, అదంతా నిందితుల పక్షానే. ఇటు వచ్చాక కుర్చీ మారింది గానీ చూసే కాగితాలు అవే. మొదటి వారంలో ఒక ఎస్సై గారు వచ్చి, "ఇక మీరు మన మనిషే మేడమ్" అని మిఠాయి పెట్టె బల్ల మీద పెట్టి వెళ్లారు.

ఆ 'మన' అన్న మాటకు చట్టంలో చోటు లేదు. దర్యాప్తు వాళ్లది, ప్రాసిక్యూషన్ మాది. ఏపీపీలు పోలీసు శాఖ అదుపులో ఉండకూడదని షహానే కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2005 సవరణతో పాత నేర ప్రక్రియ స్మృతిలో ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ కోసం 25ఏ సెక్షన్ కూడా వచ్చింది. అయినా సాక్షులకు సమన్లు అందించేది పోలీసులే. వాళ్లు కదలకపోతే నా కేసు కదలదు. పరీక్షకు చదివిన ఏ పుస్తకంలోనూ ఈ ముక్క లేదు.

ఆ దొంగతనం కేసులో అది బాగా తెలిసొచ్చింది. గురువారం సాయంత్రం ఐదింటికి అరెస్టు. ఆరింటికి నిందితుడు చూపించిన చోట బంగారు గాజులు దొరికాయని పంచనామా. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. అయితే కస్టడీలో ఉన్నవాడు చెప్పిన మాట వల్ల వస్తువు దొరికితే, పాత సాక్ష్య చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఆ మేరకు చెల్లుతుంది. కేసంతా దాని మీదే నిలబడింది. రిమాండ్ రోజున "పోలీసులు కొట్టారా?" అని మెజిస్ట్రేట్ గారు అడిగితే అతను తల అడ్డంగా ఊపాడు. పక్కనే ఎస్కార్టు కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. నేను పట్టించుకోలేదు.

విచారణకు ముందు సీడీ ఫైలు, అంటే పోలీసులు రాసే కేసు డైరీ తెప్పించుకుని తిరగేస్తుంటే, చివరి పేజీల మధ్య గుండుసూదితో గుచ్చిన ఒక హోటల్ రసీదు కనిపించింది. రెండు భోజనాలు. వెనక పెన్సిలుతో నిందితుడి పేరు. తేదీ చూస్తే మంగళవారం. ఖర్చులు రాసుకునే స్టేషన్ రైటరు తొందరలో దాన్ని ఈ ఫైలులో గుచ్చేసి ఉంటాడు.

అరెస్టు మెమో తీశాను. అరెస్టు ఎలా చేయాలో చెప్పిన సుప్రీంకోర్టు డీకే బసు తీర్పు 1996లో అడిగినవన్నీ ఉన్నాయి: తేదీ, సమయం, నిందితుడి సంతకం, సాక్షి సంతకం. ఆ సాక్షి స్టేషన్ ఎదుట జిరాక్స్ దుకాణం అతను. అదే నెలలో మరో మూడు మెమోల మీదా అతని సంతకమే ఉంది.

ఎస్సై గారికి ఫోను చేస్తే నవ్వారు. "పొరపాటున వచ్చింది, పీకేయండి మేడమ్." పీకేయడానికి ఒక్క క్షణం చాలు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మెజిస్ట్రేట్ ముందుంచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. నా చేతిలోని రసీదు ఇంకో లెక్క చెబుతోంది. దాన్ని మెమోతో పాటు కోర్టులో దాఖలు చేసి, నకలు డిఫెన్సు న్యాయవాదికి ఇచ్చాను. "ఓడిపోవడానికి ఇంత కష్టపడాలా అమ్మా?" అన్నారు మా సీనియర్ ఒకరు. కేసు కొట్టేశారు. గాజులు సొంతదారుకే ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. వరండాలో ఆవిడ నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. ఆవిడ దృష్టిలో దొంగను వదిలేసింది నేనే. అతను దొంగ కాడని నేనూ చెప్పలేను.

ఆ తర్వాత నాలుగు నెలలు నా సమన్లన్నీ 'ఇంటికి తాళం', 'ఊళ్లో లేరు' అని తిరిగొచ్చాయి. వాటిలో ఒకటి కోర్టు వెనక వీధిలో టీ కొట్టు నడిపే మనిషిది. నేనే వెళ్లి టీ తాగి వచ్చాను. ఆ రోజు నుంచి తిరిగొచ్చిన ప్రతి సమన్‌కూ తేదీ వేసి జాబితా రాసి, నెలనెలా మా డిప్యూటీ డైరెక్టరు గారి ద్వారా ఎస్పీ కార్యాలయానికి పంపాను. మూడో జాబితాకు సాక్షులు రావడం మొదలైంది.

2024 జూలై 1 నుంచి కొత్త నేర ప్రక్రియ చట్టం (బీఎన్‌ఎస్‌ఎస్) అమల్లోకి వచ్చాక సోదాలు, జప్తులు వీడియో తీయాల్సిందే. మంచిదే. కానీ వీడియో మొదలయ్యేది గురువారం ఆరింటికి. మంగళవారం అందులో ఉండదు.

పోలీసుల మీద జరిగిన శాఖాపరమైన విచారణలో నన్ను సాక్షిగా పిలిచారు. రసీదు నేనే ఫైలులో పెట్టానన్నది వాళ్ల వాదన. నలభై నిమిషాలు ఆ గుండుసూది గురించే అడిగారు: ఏ పేజీ, ఏ మూల, ఎన్ని కాగితాలు కలిపి గుచ్చారు. చివరికి సూదికి తుప్పు పట్టి ఉందా అన్నారు. పట్టి ఉంది, మరక కింది రెండు పేజీలకూ దిగింది అని చెప్పాను. ఆ మాట రాసుకుని, ఇక వెళ్లొచ్చన్నారు.