ఖాళీ గళ్లు

మా మేనల్లుడు కాలేజీ సెలవులకు మిర్యాలగూడ వచ్చిండంటే మా ఇంట్లో టెన్నిస్ పంచాయితీ మొదలైనట్టే. ఈసారి కూడా బ్యాగు కింద పెట్టకముందే అందుకున్నాడు. "మామా, గ్రాండ్ స్లామ్ టైటిళ్లు జొకోవిచ్‌కు 24, నాదల్‌కు 22, ఫెడరర్‌కు 20. అందరికన్నా గొప్పవాడెవరో ఇంకా మాట్లాడేదేముంది?"

ఉంది. అందుకే నా పొడుగు నోట్‌బుక్ తీసి వాడి ముందు పెట్టాను. పేపర్లలో, పాత పత్రికల్లో చదివినవన్నీ ఏళ్ల తరబడి రాసుకున్న పుస్తకం అది. ఒక్కో ఆటగాడికి ఒక్కో పేజీ. ఏడాదికి ఒక వరుస, వరుసకు నాలుగు గ్రాండ్ స్లామ్ టోర్నీల గళ్లు: ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, వింబుల్డన్, అమెరికా. గెలిస్తే ఎర్ర ఇంకు, ఓడితే నీలం.

అరవైల నాటి ఆస్ట్రేలియా ఆటగాడు రాడ్ లేవర్ పేజీ తిప్పగానే వాడు ఆగిపోయాడు. 1962 వరుసలో నాలుగు గళ్లూ ఎరుపే. దాని కింద 1963 నుంచి 1967 దాకా ఒక్క చుక్క కూడా లేదు. మళ్లీ 1969లో నాలుగూ ఎరుపు. "ఈ ఐదేండ్లు ఏమైంది మామా, దెబ్బ తగిలిందా?" అన్నాడు.

దెబ్బ కాదు బిడ్డా, రానియ్యలేదు. ఆ రోజుల్లో ఆట ఆడి డబ్బు తీసుకున్నవాడికి గ్రాండ్ స్లామ్ గేటు మూసేవాళ్లు. లేవర్ 1962 తర్వాత ప్రొఫెషనల్ అయ్యాడు. 1968 ఫ్రెంచ్ ఓపెన్‌తో గేట్లు తెరిచేదాకా 21 టోర్నీలు ఆయన లేకుండానే జరిగాయి. ఇరవై నాలుగేళ్ల వయసు నుంచి ఇరవై తొమ్మిది దాకా, అంటే ఒంట్లో సత్తువ నిండుగా ఉండే కాలమంతా.

నేను రైస్ మిల్లులో గుమస్తాను. హమాలీల హాజరు పుస్తకం నా చేతిలోనే ఉంటుంది. అందులో మనిషి రాని రోజుకు ఒక గుర్తు, మిల్లే నడవని రోజుకు వేరే గుర్తు పెడతాను. యాసంగి వడ్లు దిగే రోజుల్లో ఇంటి దగ్గర పడుకున్నవాడినీ, మిల్లు బంద్ ఉండి పని దొరకనివాడినీ ఒక్క తీరుగా రాస్తే ఆ మనిషి కూలి మీద, పేరు మీద దెబ్బ పడుతుంది. లేవర్ ఖాళీ గళ్లకు నేను మనసులో వేసుకున్నది ఆ రెండో గుర్తే.

ఉత్త సంఖ్యలే చూస్తే ఏమవుతుందో లేవర్ కాలం వాడే అయిన రాయ్ ఎమర్సన్ పేజీ చెబుతుంది. ఎమర్సన్‌కు 12 టైటిళ్లు, లేవర్‌కు 11. మావాడి పద్ధతిలో ఎమర్సనే పైన ఉండాలి. కానీ ఆ 12లో 10 టైటిళ్లు 1963 నుంచి 1967 మధ్య వచ్చినవి, అంటే సరిగ్గా లేవర్ గళ్లు ఖాళీగా ఉన్న ఏళ్లు. ఎమర్సన్ మంచి ఆటగాడు, దానిలో అనుమానం లేదు. అయినా ఆయన్ని లేవర్ పైన రాయడానికి నా చెయ్యి రాదు.

ఇదే న్యాయం లేవర్‌కూ వర్తిస్తుంది కాబట్టి చెప్పి తీరాలి. 1962లో ఆయన నాలుగూ గెలిచినప్పుడు కెన్ రోజ్‌వాల్, లూ హోడ్ లాంటివాళ్లు అప్పటికే ప్రొఫెషనల్స్ అయి గేటు బయటే ఉన్నారు. ప్రొఫెషనల్ అయిన కొత్తలో ఆ ఇద్దరి చేతిలోనే లేవర్ వరసగా ఓడాడు. అందుకే నా లెక్కలో 1969 వరుస బరువు వేరు. ఆ ఏడాది అందరూ ఆడారు, అయినా నాలుగూ ఆయనవే. ఆ తర్వాత మగవాళ్లలో ఒకే ఏడాది నాలుగూ గెలిచినవాడు లేడు. జొకోవిచ్ 2021లో మూడు గెలిచి అమెరికా ఫైనల్లో మెద్వెదెవ్ దగ్గర ఆగిపోయాడు.

ఖాళీలన్నీ ఒక్కటి కావు. స్వీడన్ ఆటగాడు బోర్గ్ పేజీలో ఆస్ట్రేలియా గడి 1974లో తప్ప ఎప్పుడూ నిండలేదు. ఆయన్ని ఎవరూ ఆపలేదు, అంత దూరం తనే పోలేదు. అది 'రాలేదు' గుర్తే. 1974లో అమెరికా ఆటగాడు కానర్స్ మిగతా మూడూ గెలిచాడు, ఫ్రాన్స్‌లో మాత్రం టీమ్ టెన్నిస్ అనే లీగ్‌తో ఒప్పందం ఉందని ఆడనియ్యలేదు. జొకోవిచ్‌కూ ఖాళీలున్నాయి. 2020లో కరోనాతో వింబుల్డనే జరగలేదు. 2022లో ఆస్ట్రేలియా, అమెరికా రెండూ టీకా వేసుకోనందుకు పోయాయి. ఆ రెండు గళ్ల దగ్గర నేను చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నిబంధన తెలిసి తనే వద్దనుకున్నాడు కాబట్టి చివరికి 'రాలేదు' అనే రాశాను.

నేను ఫెడరర్ మనిషిని. 2019 జులై 14 రాత్రి మా సాగర్ రోడ్డులో అందరి టీవీల్లో క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ నడుస్తుంటే నేనొక్కణ్నే వింబుల్డన్ పెట్టుకుని కూర్చున్నాను. ఐదో సెట్‌లో 8-7, ఫెడరర్ సర్వీసు, చేతిలో రెండు మ్యాచ్ పాయింట్లు, ఒక్కటి గెలిచినా మ్యాచ్ ఆయనదే. రెండూ పోయాయి. ఆ మ్యాచ్‌లో ఫెడరర్ గెలిచిన పాయింట్లు 218, జొకోవిచ్ గెలిచినవి 204. ట్రోఫీ మాత్రం జొకోవిచ్‌దే. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అయినా నోట్‌బుక్‌లో ఆ గడి నీలంతోనే రాశాను. జొకోవిచ్ గెలుపోటములు ఫెడరర్ మీద 27-23, నాదల్ మీద 31-29, ప్రపంచ నంబర్ వన్‌గా 428 వారాలు. తన కాలంలోని ఇద్దరు గట్టివాళ్లనూ దాటినవాడు జొకోవిచ్. రికార్డును బట్టి పెద్దవాడెవరంటే ఆయన పేరే చెబుతాను, మావాడితో నాకు అక్కడ పేచీ లేదు. పేచీ అంతా లేవర్‌ను సంప్రాస్ 14 కిందికి, నాదల్ 22 కిందికి తోసెయ్యడం దగ్గరే. ఆ ఇద్దరికీ ఐదేళ్ల గేటు ఎవరూ మూయలేదు.

రాత్రి భోజనాలయ్యాక వాడు తనే పుస్తకం తెచ్చుకుని పాంచో గొంజాలెజ్ పేజీ తీశాడు. 1948, 1949 అమెరికా గళ్లు ఎరుపు. ఆ తర్వాత 1950 నుంచి 1967 దాకా పద్దెనిమిది వరుసలు తెల్లగా ఉన్నాయి. "ఈయనెవరు మామా, రెండే గెలిచిండు, ఇంత పెద్ద పేజీ ఎందుకు?" అన్నాడు. 1969 వింబుల్డన్ గడి చూడమన్నాను. వేలు పెట్టి గట్టిగా చదివాడు: 22-24, 1-6, 16-14, 6-3, 11-9. తొలి రౌండ్, రెండు రోజులు, 112 గేములు.

"గెలిచినప్పుడు వయసెంత?"

"నలభై ఒకటి."

వాడు ఆ తెల్లటి వరుసలు పైనుంచి ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.