శేషాచలానికి అవతలి వైపు

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళకు కొండ ఎక్కడమంటే మెట్లే గుర్తుకొస్తాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. ఏ దారిన ఎక్కినా మనసంతా పైనున్న స్వామి దర్శనం మీదే ఉంటుంది కాబట్టి పక్కనున్న చెట్టు పేరేమిటో అడగాలన్న ఆలోచనే రాదు. అదే కొండలను పడమటి వైపు నుంచి, ఫలానా చోటికి చేరాలన్న తొందర లేకుండా, తీరిగ్గా నడిచి చూడాలని నాకు చాలాకాలంగా ఉండేది. కార్తీక మాసపు రద్దీ తగ్గి, చలి ముదురుతున్న మార్గశిరంలో ఒక శనివారం తెల్లవారాక మా బావా నేనూ తలకోన వైపు బయలుదేరాం.

చంద్రగిరి, రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కి, భాకరాపేటలో పెద్ద రోడ్డు వదిలి నెరబైలు దారి పట్టాం. తలకోన తిరుపతికి సుమారు 60 కిలోమీటర్లు. నెరబైలుకు ఇవతలే మా బావకు తెలిసిన రైతు ఒకాయన మామిడి తోటలో కట్టుకున్న ఇంట్లో మా బస. రెండు గదులు, ముందు పొడవాటి తిన్నె, పక్కన ఆవుల కొట్టం, ఇంటి వెనక కంది, అనప (చిక్కుడు జాతి పప్పుధాన్యం) కలిపి వేసిన చేను, ఆ చేను గట్టు దాటితే వంక (చిన్న వాగు), వంక దాటితే కొండ. వెళ్ళీ వెళ్ళగానే ఆయన రెండు మాటలు చెప్పారు: చీకటి విడిచేదాకా కొండవైపు అడుగు పెట్టవద్దని, ఏనుగులు దిగే కాలం కాబట్టి అడవిలో అనుమతి ఉన్న బాట దాటవద్దని. మేము రెండూ పాటించాం.

తలకోన జలపాతం సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది సిద్ధేశ్వరస్వామిని దర్శించుకుని, నీళ్ళ కింద తడిసి, ఫొటోలు తీసుకుని మధ్యాహ్నానికల్లా తిరిగి వెళ్ళిపోతారు. ఆ జలపాతం చూడదగ్గదే, సందేహం లేదు. కానీ టిక్కెట్టు ఇచ్చే గేటు నుంచి నీళ్ళ దాకా ఉన్న అడవిని కారు అద్దాల్లోంచి దాటేసేవాళ్ళు అసలు చూడవలసినదాన్ని వదిలేస్తున్నారని నాకు గట్టిగా అనిపించింది. ఈ అడవి 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో భాగమైంది. 2010లో సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల శేషాచలం ప్రాంతాన్ని జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించారు. వార్తల్లో ఈ పేరు వినిపించేది ఎక్కువగా ఎర్రచందనం దొంగరవాణా గురించే. అందుకే, మాకు తోడుగా వచ్చిన స్థానిక కుర్రవాడు బాట పక్కన ఒక చెట్టు దగ్గర ఆగి, 'సార్, ఎర్రచందనం ఇదే' అన్నప్పుడు నేను చాలాసేపు అక్కడి నుంచి కదలలేదు.

ఆ చెట్టు చూడటానికి ఆడంబరమేమీ లేదు. బెరడు నలుపు కలిసిన బూడిద రంగులో, చిన్న చిన్న పలకలుగా పగిలి, మొసలి వీపులా ఉంది. ఒక్కో ఆకులో మూడేసి గుండ్రటి రెక్కలు. వాటిలో కొన్ని అప్పటికే పసుపుబారాయి. కొమ్మల చివర బిళ్ళల్లాంటి కాయలు వేలాడుతున్నాయి. నడుమ గింజ ఉన్నచోట ఉబ్బు, చుట్టూ కాగితమంత పలుచని రెక్క. గాలికి ఎగిరి విత్తనం దూరంగా పడటానికే ఆ రెక్క. లోపలున్న ఎరుపు పైకి ఆనవాలైనా కనిపించదు. శేషాచలం, వెలికొండ, పాలకొండ, లంకమల కొండల్లో తప్ప ఇది సహజంగా పెరిగే చోట్లు బహు తక్కువ. అదే బాటలో తెల్లకరక, మొగి, కొండ సాంబ్రాణి చెట్లను కూడా ఆ కుర్రవాడు ఆకు చూపించి, బెరడు చూపించి గుర్తుపట్టడం నేర్పాడు. ఇవి కూడా ఈ దిక్కు కొండలకే చెందిన చెట్లు. నీటికి దగ్గరయ్యేకొద్దీ ఎండు అడవి తీరు మారి నీడ చిక్కబడింది. చెట్టు నుంచి చెట్టుకు పాకి, మనిషి నడుమంత లావెక్కిన గిల్లతీగ అక్కడే కనిపించింది.

సాయంత్రం తోటకు వచ్చేసరికి ఆ రైతు భార్య, వదినమ్మ, తిన్నె మీద కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను పెట్టి నొక్కితే పప్పు గిన్నెలోకి దూకుతుంది, తొక్క వేళ్ళ మధ్యే ఉండిపోతుంది. మేమూ కూర్చుని పితికాం. మంచు పడుతున్న రోజుల్లో కోసిన కాయకే ఆ వాసన వస్తుందని ఆమె అన్నారు. కొబ్బరి, ధనియాలు, వెల్లుల్లి నూరి వేసిన పితికిపప్పు కూరతో వేడి రాగి సంగటి ముద్ద తింటే, చిత్తూరు సీమలో చలికాలానికి ఇంతకంటే తగిన భోజనం లేదని ఒప్పుకోక తప్పదు.

ఆదివారం ఎండ వచ్చాక ఆ రైతే మమ్మల్ని వంక వెంట నడిపించుకుంటూ చెరువు దాకా తీసుకెళ్ళారు. ఈ నడకే నాకు ప్రయాణంలో అన్నిటికన్నా విలువైనది. చెరువు నిండి మొరవ (అలుగు) పోతోంది. వానలు తగ్గి అప్పటికి చాలా రోజులైనా వంకలో నీళ్ళు సన్నగా, తేటగా పారుతూనే ఉన్నాయి. ఎలాగని అడిగితే ఆయన కొండవైపు చేయి చూపి అన్నారు: 'కొండ తాగినాకనే నాయనా మాకు వదిలేది. వాన కురిసిన దినం వచ్చే నీళ్ళు వచ్చినట్టే పోతాయి. కొండ దాచుకున్నవే సంకురేత్రి దాకా వస్తాయి.' ఈ కొండల పైభాగమంతా పగుళ్ళు, నెర్రెలు నిండిన క్వార్ట్జైటు రాయి. కింద గట్టి గ్రానైటు ఉండటం తిరుమల ఘాట్ రోడ్డులో కోసిన కొండ గోడ మీదే కనిపిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాల వాన ఆ పగుళ్ళలోకి ఇంకి, వారాల తరబడి ఊటగా బయటికి వస్తుంది. పైన చెట్టూ, చెట్టు కింద రాలిన ఆకూ ఉంటేనే వాన ఆగి ఇంకుతుంది. లేకపోతే మట్టిని కూడా కోసుకుని పోతుంది. ఎర్రచందనం నరికితే పోయేది ఖరీదైన కలప ఒక్కటే అనుకునేవాళ్ళు ఈ చెరువు కట్ట మీద ఒక్క పూట నిలబడాలి. ఆయన బోర్లకూ, మామిడి చెట్లకూ, మేము తిన్న అనపకాయలకూ నీళ్ళు ఆ అడవి దగ్గరే మొదలవుతున్నాయి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నవంబరు నుంచి జనవరి దాకా అనువైన కాలం. భారీ వాన పడిన మరునాడు మాత్రం జలపాతం కిందికి వెళ్ళకూడదు. రాళ్ళు జారతాయి, నీటి ఉద్ధృతి ఎప్పుడు పెరిగేదీ కింద ఉన్నవాళ్ళకు తెలియదు. సాధ్యమైతే రాత్రికి నెరబైలు, భాకరాపేట పరిసరాల్లోనే ఉండండి, ఊరివాళ్ళను తోడు తీసుకోండి. నీళ్ళ సీసాలు, తినుబండారాల కవర్లు ఎన్ని తీసుకెళ్తే అన్నీ వెనక్కి తీసుకురండి. వంక ఒడ్డున ఇసుకలో సగం పూడిన గాజు పెంకులను ఆ రైతు వంగి ఏరి తువ్వాలులో మూట కట్టుకోవడం నేను చూశాను; ఆయన ఆవులు నీళ్ళు తాగేది ఆ రేవులోనే.