చీనీ తొక్కతో చక్కెర: ఆరబెట్టడం దగ్గరే అసలు టెన్షన్

మొత్తానికి చీనీ చక్కెర, అంటే చీనీకాయ (బత్తాయి) తొక్క వాసన పట్టించిన చక్కెర, పొడిపొడిగా వచ్చింది, సీసాకెత్తాను. కేకుల్లో ఎసెన్స్ పోయడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. అనంతపురంలో ఉంటూ, చుట్టూ ఇన్ని చీనీ తోటలు పెట్టుకుని, వాసనను సీసాలో కొనుక్కోవడమేంటి? జ్యూస్ బండ్ల దగ్గర తొక్కలు కుప్పలుగా పారేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

తురమడం తేలికే. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, సన్న బెజ్జాల తురుముపీట మీద పైపొర మాత్రమే గీకాలి. లోపలి తెల్లపొర తగిలితే చేదు. రెండు కాయల తురుముకు 200 గ్రాముల చక్కెర వేసి వేళ్లతో నలపాలి. పలుకుల రాపిడికి తొక్కలోని నూనె బయటికొస్తుంది, ఇల్లంతా ఘుమఘుమ.

నన్ను ఏడిపించింది ఆరబెట్టడమే. "రాత్రంతా గిన్నెలో వదిలేయండి, అదే ఆరిపోతుంది" అని వీడియోల్లో చెప్తారు. పొద్దున చూస్తే బెల్లం అచ్చులాగా బిగుసుకుపోయింది. తొక్కలోని తడికి చక్కెర కొంచెం కరుగుతుంది, ఆరేటప్పుడు పలుకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ మాట ఒక్కరూ చెప్పరు! కేకు సామాన్ల షాపులో అడిగితే, అందరి ముందూ "ఎందుకమ్మా ఈ తిప్పలు, ఎసెన్స్ సీసా తీసుకుపో" అని నవ్వాడు. ఆ షాపు గడప మళ్లీ తొక్కలేదు, మీరూ తెలియని వాళ్లను అడగొద్దు. ఓవెన్‌లో తక్కువ వేడి మీద పెట్టమని వదిన చెప్పింది. ఆరింది గానీ వాసన సగం పోయింది. ఎండలో పెట్టినా అంతే.

చివరికి వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, నీడన పెట్టి, పలచటి బట్ట కప్పాను. మధ్యమధ్యలో ఫోర్కుతో కలియబెడుతూనే ఉన్నాను. అతుక్కునే లోపే విడదీయాలి, కిటుకంతా అదే. చీమలు పట్టకుండా స్టూలు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాను. మా ఊరి పొడి గాలికి సాయంత్రానికల్లా ఆరిపోయింది. ముసురు పట్టిన రోజు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. చిన్న ఉండలుంటే మిక్సీలో ఒక్క తిప్పు చాలు, జార్ వేడెక్కితే వాసన పోతుంది.

కేకులో మామూలు చక్కెర ఎంతో ఇదీ అంతే. ముందు వెన్నతో కలిపి గిలక్కొడితే వాసన వెన్నకు బాగా పడుతుంది. మా వీధిలో పుట్టినరోజు కేకు తిన్నవాళ్లు "ఏ ఎసెన్స్ వేశావక్కా?" అని అడిగారు. మన చీనీకాయే అని గర్వంగా చెప్పాను.

ఆ రోజే కేకు చేసేటట్లయితే ఆరబెట్టే పనే లేదు. నలిపిన తడి చక్కెరనే నేరుగా వెన్నలో వేసేయండి.