ఓరుగల్లు కీర్తితోరణం 1:25 నమూనా: దూలం వరకు వచ్చిన పని

వరంగల్ కోటలో స్వయంభూ దేవాలయానికి నాలుగు దిక్కులా కాకతీయులు నిలిపిన తోరణాల్లో ఒకదానికి ఇది నమూనా. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యం వశమయ్యాక గుడి నేలమట్టమైంది, తోరణాలు నిలిచాయి. ఎత్తు సుమారు 30 అడుగులు. అంటే 25వ వంతు నమూనా 36.6 సెం.మీ.

తెలంగాణ రాజముద్రలోని బొమ్మ చూసి కోయకండి. అందులో ముందువైపు గీతలే ఉంటాయి, మందం తెలియదు. ఈ తోరణం అందమంతా ఆ బరువైన దూలంలో, దాన్ని మోసే ఏటవాలు బ్రాకెట్లలోనే ఉంది. అందుకే పక్క నుంచి తీసిన ఫొటోలు తప్పనిసరి. ఫోన్ పైకెత్తి తీస్తే స్తంభాలు లోపలికి వాలినట్టు పడతాయి. బాగా వెనక్కి జరిగి, ఫోన్ నిటారుగా పట్టుకుని, జూమ్‌తో తీయాలి. స్తంభం పక్కనే, రాయికి తగలకుండా, 1 మీటరు కర్ర నిలబెట్టాలి. ప్రింటులో ఆ కర్ర సరిగ్గా 4 సెం.మీ. వచ్చిందంటే ప్రింటే కోతకు అచ్చు. కర్ర స్తంభం కంటే ముందుకొస్తే మాత్రం నమూనా పొట్టిదవుతుంది. చెక్కడాల కోసం పొద్దుటి ఏటవాలు ఎండలో మళ్లీ తీయాలి. మిట్టమధ్యాహ్నం లతలూ హంసలూ రాతిలో కలిసిపోతాయి.

స్తంభాలు 5 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురగ పలక) పొరలు. చెక్కపనికి వాడే తెల్ల జిగురు ఇక్కడ పనికిరాదు. సన్‌బోర్డు నీటిని పీల్చదు కాబట్టి జిగురు లోపల పచ్చిగానే ఉండి, పొరలు జారతాయి. రబ్బరు జిగురు రెండు వైపులా పల్చగా రాసి, 10 నిమిషాలాగి, వేలికి తడి అంటనప్పుడు అదమాలి. అతికాక సర్దడం కుదరదు. అందుకే ఒక అంచుకు స్కేలు ఆనించుకోవాలి.

మొదటిసారి దూలం ఎక్కించగానే స్తంభాలు బయటికి ఒరిగాయి. కారణం దూలం మీది ఎం-సీల్ (కలిపాక గట్టిపడే ఎపాక్సీ ముద్ద) చెక్కడాల బరువు. ఇప్పుడు ప్రతి స్తంభంలో 3 మి.మీ. ఇనుప కడ్డీ ఉంది. అది కింద 12 మి.మీ. ప్లైవుడ్‌లోకి, పైన దూలంలోకి దిగుతుంది. గుండుతాడుతో నిటారు చూశాకే జిగురు పోశాం.

తామర మొగ్గలు ఒక్కొక్కటీ చెక్కితే ఏ రెండూ ఒకలా రావు. ఎం-సీల్‌తో ఒక్క మొగ్గ చేసి, గట్టిపడ్డాక వ్యాజిలిన్ రాసి, దాని మీద కొత్త ఎం-సీల్ నొక్కితే అచ్చు తయారు. అచ్చు లోపల కూడా వ్యాజిలిన్ రాసుకోవాలి. పోత ప్లాస్టర్ ఆఫ్ పారిస్: 1 వంతు నీళ్లలో 2 వంతుల పొడి చల్లాలి. పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడతాయి. పోశాక అచ్చును బల్లకేసి తడితేనే బుడగలు పైకొస్తాయి, లేదంటే మొగ్గ కొన విరిగిపోతుంది.

రంగును ముందు విడి ముక్కల మీద వేసి చూశాం. ముదురు బూడిద పూత పూర్తిగా ఆరాక పల్చటి నలుపు నీళ్లు, ఆపైన దాదాపు ఎండిన కుంచెతో లేత బూడిద. పూత ఆరకముందే నలుపు వేసిన ముక్కలో కింది రంగు లేచిపోయింది.

మిగిలింది దూలం చివర్ల హంసలు.