మౌనం అర్ధాంగీకారమైన చోట

ఒక గుంపు కంప్యూటర్లు తమలో తాము మెసేజ్‌లు పంపుకోవడానికి వాడే గ్రూప్ మెసేజింగ్ లైబ్రరీలో నాకు మొదట అప్పగించిన పొర పేరు నాక్, అంటే 'అందలేదు' అని చెప్పడం. మెసేజ్ అందినవాడు అందిందని చెప్పనక్కర్లేదు, మధ్యలో ఏదైనా పోతేనే నోరు విప్పాలి. 214 వచ్చింది, 216 వచ్చింది, 215 జాడ లేదు. అప్పుడు మాత్రం "నాకు 215 కావాలి" అని పంపినవాణ్ణి అడగాలి. అంతవరకూ కిమ్మనకూడదు. గ్రూపులో వంద మంది ఉంటే ఒక్కో మెసేజ్‌కీ వంద రసీదులు వెనక్కొచ్చి పంపినవాడి మీద పడతాయి కదా, ఆ తాకిడి తప్పించడానికి ఈ ఏర్పాటు. మౌనం అర్ధాంగీకారం అన్న మాటని ఎవరో కోడ్‌లో రాసిపెట్టినట్టుంటుంది.

అప్పటికి నేను దేశం మారి ఆరు వారాలు. మీటింగుల్లో నేనూ ఆ పొరలాగే ఉండేవాణ్ణి. కాకపోతే నాక్ పొర లోటు కనబడితే అడుగుతుంది, నేను అదీ అడిగేవాణ్ణి కాదు.

భయం కాదు అని ఇప్పుడు చెప్పుకుంటాను గానీ, కొంత భయమే. వీసా కంపెనీ పేరు మీద ఉన్నప్పుడు మనిషి వెన్ను కాస్త వంగే ఉంటుంది. మిగతాది వేగం. ఇంగ్లీషు రాక కాదు. పుస్తకంలో, కోడ్‌లో, మెయిల్‌లో ఏ ఇబ్బందీ లేదు. ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకునే గదిలో, నా వాక్యాన్ని లోపల కూర్చుకుని, క్రియ సరిచూసుకుని నోరు తెరిచేసరికి చర్చ రెండు విషయాలు దాటిపోయేది. సరేలే అని ఊరుకునేవాణ్ణి.

నేను చేరిన రోజే మా లీడ్ నా చేతిలో ఒక పేపర్ పెట్టింది. 1996లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు హోరస్ అనే సిస్టమ్ గురించి రాసినది. రాబర్ట్ వాన్ రెనెస్సె, కెన్ బిర్మన్, సిల్వానో మఫీస్ రచయితలు. దానికి ముందు 1980లలో బిర్మన్ బృందమే ఐసిస్ అనే గ్రూప్ మెసేజింగ్ సిస్టమ్ కట్టింది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోనూ ఫ్రాన్స్ విమానాల ట్రాఫిక్ కంట్రోల్‌లోనూ దాన్ని వాడారు. ఐసిస్ ఒక్క ముద్ద. హోరస్‌లో ఆ ముద్దని పొరలుగా విడదీశారు. పోయిన మెసేజ్ మళ్ళీ తెప్పించడానికి ఒక పొర, అందరికీ ఒకే వరుసలో అందించడానికి ఒకటి, గ్రూపులో ఎవరున్నారో లెక్క చూడటానికి ఒకటి. అన్నిటికీ పైనా కిందా ఒకే రకం పళ్ళు, లెగో ముక్కల్లా ఏది కావాలంటే అది పేర్చుకోవచ్చు. ఆ తర్వాత ఓకామెల్ భాషలో రాసిన ఎన్‌సెంబుల్, జావాలో జేగ్రూప్స్ వచ్చినా పద్ధతి అదే. జేగ్రూప్స్‌లో అయితే స్టాక్, అంటే ఆ పొరల దొంతర మొత్తం ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో వరుసగా పేర్లే.

లెగో పోలిక వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం దాని మీద అప్పుడూ ఇప్పుడూ అనుమానమే. పళ్ళు కలుస్తాయి కాబట్టి ఎక్కడైనా పెట్టొచ్చు అనిపిస్తుంది. ఎన్‌క్రిప్షన్ చేశాక కంప్రెషన్ పెట్టి చూడండి, రెండు పొరలూ చక్కగా అతుక్కుంటాయి, ఎర్రర్ ఒక్కటీ రాదు, మెసేజ్ ఒక్క బైటు కూడా తగ్గదు. గుప్తం చేసిన డేటాలో నొక్కడానికి పునరావృతం ఏదీ మిగలదు మరి. ఏ పొర దేని మీద కూర్చోవాలన్నది ఇంటర్‌ఫేస్‌లో ఎక్కడా రాసి ఉండదు. గీసినవాళ్ళ తలలో ఉంటుంది, లేదా ఉండదు.

ఒక రోజు మీటింగులో బోర్డు మీద లీడ్ ఆకుపచ్చ మార్కర్‌తో గళ్ళు గీసింది. అడుగున యూడీపీ, అంటే చేరిందో లేదో చూడకుండా ప్యాకెట్‌ని నెట్‌వర్క్‌లోకి వదిలేసేది. దాని మీద ఫ్రాగ్, అంటే పెద్ద మెసేజ్‌ని ప్యాకెట్‌లో పట్టేలా కోసే పొర. దాని మీద నా నాక్. ఆ పైన మిగతావి. అందరికీ సబబుగానే తోచింది. కోత నెట్‌వర్క్ దగ్గర్లోనే ఉండాలి కదా, యూడీపీకి కింద ప్యాకెట్లు మోసే ఐపీ కూడా అడుగునే కోస్తుంది కదా అని.

నాకు లోపల ఏదో గుచ్చుకుంది. నోట్‌బుక్ పేజీ మూల లెక్క వేశాను. 60 కేబీ మెసేజ్ నలభై పైచిలుకు ముక్కలవుతుంది. వందలో ఒక ప్యాకెట్ పోతుందనుకుంటే, నలభై ముక్కలూ క్షేమంగా చేరే అవకాశం 0.99ని నలభై సార్లు హెచ్చవేస్తే వచ్చేది, సుమారు 0.67. అంటే ప్రతి మూడు మెసేజ్‌లలో ఒకటి కుంటిదే. నాక్ పైన ఉంది కాబట్టి దానికి ముక్కల సంగతి తెలియదు. ఒక్క ముక్క పోయినా మొత్తం మెసేజ్ మళ్ళీ అడుగుతుంది. ఫ్రాగ్‌ని నాక్ మీదకి ఎక్కిస్తే ఒక్కో ముక్కకీ సొంత నంబర్ వస్తుంది, పోయిన ముక్కనే తెప్పించుకోవచ్చు.

నా వాక్యం తయారయ్యేసరికి వాళ్ళు ఫ్లో కంట్రోల్ గురించి, అంటే పంపే వేగానికి పగ్గం వేయడం గురించి మాట్లాడుకుంటున్నారు. "అందరికీ ఓకేనా?" అందావిడ. ఎవరూ మాట్లాడలేదు, నాతో సహా.

ల్యాబ్‌లో మెషీన్లన్నీ ఒకే స్విచ్ మీద ఉండేవి. ప్యాకెట్ పోతే వింత. నాలుగు నెలలు టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. తర్వాత ఒక కస్టమర్ దాన్ని వైఫై మీద నడిపాడు. వైఫైలో ఒక్కరికే వెళ్ళే ఫ్రేమ్‌కి రేడియో స్థాయిలోనే రసీదు ఉంటుంది, రాకపోతే మళ్ళీ పంపుతుంది. ఒకేసారి అందరికీ పంపే మల్టికాస్ట్‌కి ఆ భాగ్యం లేదు, గాల్లోకి వదిలేయడమే. ఒకడికి ఏడో ముక్క పోయింది, ఇంకొకడికి ముప్ఫయ్యోది. ఇద్దరూ మొత్తం మెసేజ్ అడిగారు. మళ్ళీ నలభై ముక్కలు గాల్లోకి. ఆ రద్దీకి ఇంకొన్ని పోయాయి. అందరికీ చేరినట్టు తేలేదాకా పంపినవాడు మెసేజ్‌ని దాచుకోవాలి కాబట్టి మెమరీ ఉబ్బుతూ పోయి, అర్ధరాత్రి దాటాక ప్రాసెస్‌లు కూలడం మొదలైంది. ఆన్‌కాల్ ఫోన్ నా దగ్గరే ఉంది.

స్టాక్ ఫైల్‌లో ఫ్రాగ్, నాక్ లైన్లు రెండూ అటూ ఇటూ మారిస్తే సరిపోతుందనుకున్నాం. తుఫాను తగ్గింది గానీ, ప్యాకెట్లు పట్టి చూస్తే విచిత్రంగా జంటలు జంటలుగా కనిపించాయి. ఒకటి నిండుది, దాని వెనకే ఒక పిల్ల ప్యాకెట్. అర్థం కావడానికి అర పూట పట్టింది. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్‌కి హద్దు 1500 బైట్లు. ప్యాకెట్ ముందు అంటించే చీటీల్లాంటి హెడర్లు, ఐపీది 20, యూడీపీది 8 తీసేస్తే 1472. అడుగున ఉన్నంతకాలం ఫ్రాగ్ సరిగ్గా అంతకే కోసేది, అది న్యాయమే. పైకెక్కాక దాని కింద నాక్ తన హెడర్ అంటిస్తోంది. ముక్క హద్దు దాటుతోంది, ఐపీ చప్పుడు లేకుండా మళ్ళీ కోస్తోంది. కోత కొలత 1400కి దించాం. పొరకి తన కిందివాళ్ళ సంగతి తెలియకూడదని పాఠాల్లో చెప్తారు. మా ఫ్రాగ్‌కి మాత్రం కిందివాళ్ళు ఎంత బరువు వేస్తారో తెలియాల్సి వచ్చింది.

ఆ తర్వాతి మీటింగులో నోట్‌బుక్ పేజీ తీసి చూపించాను. తేదీ చూసి లీడ్ కాసేపు మాట్లాడలేదు. "ఆ రోజే తెలుసా మీకు?" అంది. తెలుసన్నాను. కోప్పడుతుందనుకున్నాను. "నేను ఓకేనా అని అడిగితే మీరు ఊరుకున్నారు, ఓకే అనుకున్నాను," అంది అంతే. ఆవిడదీ ఈ దేశం కాదు, ఆవిడ ఇంగ్లీషులోనూ వేరే భాష గుబాళిస్తుంది. ఆ సంగతి అప్పటిదాకా నేను పట్టించుకోలేదు.

ఆ ఏడాది చివర నా రివ్యూలో ఆవిడ పైవాళ్ళు రాసిన మాట: చర్చల్లో కనిపించడు. చదివి ముందు మండింది, తర్వాత నవ్వొచ్చింది. మా స్టాక్‌లోనే ఫెయిల్యూర్ డిటెక్టర్ అని ఇంకో పొర ఉంటుంది, ఎవరు కూలిపోయారో కనిపెట్టేది. దాని దగ్గర లెక్క తిరగబడుతుంది. ఇన్ని సెకన్లు గుండె చప్పుడు వినబడకపోతే ఆ మెంబర్ పోయినట్టే, గ్రూపులోంచి తీసేయ్. నిజంగా పోయాడా, నెమ్మదిగా ఉన్నాడా అన్నది అవతలివైపు నుంచి ఖాయంగా తేల్చుకోలేం. ఆలస్యానికి హద్దు లేని నెట్‌వర్క్‌లో ఒక్కడు కూలే అవకాశమున్నా ఏకాభిప్రాయానికి గ్యారంటీ ఇవ్వలేమని 1985లోనే ఫిషర్, లించ్, పాటర్సన్ రుజువు చేసి పెట్టారు, దాని మూలం ఈ చిక్కులోనే ఉంది. కాబట్టి టైమ్‌అవుట్ అంటే మర్యాదగా చెప్పిన ఊహ. నా మౌనం ఒక గదిలో ఒప్పుకోలైంది, ఇంకో గదిలో గైర్హాజరైంది.

నాక్‌లో ఇంకో లొసుగు ఉంది. పంపేవాడు 500 మెసేజ్‌లు పంపి ఆపేశాడనుకోండి, 500వది పోయింది. 499 అందినవాడికి లోటు కనబడదు, ఎందుకంటే దాని తర్వాత ఏదీ రాలేదు. వాడు హాయిగా ఊరుకుంటాడు. అందుకే జేగ్రూప్స్‌లో స్టేబుల్ అనే పొర ఉంది. అందరికీ అందినవాటిని పారేయించడం దాని అసలు ఉద్యోగం. అందుకోసం ఎవరికి ఎంతవరకు అందిందో అప్పుడప్పుడూ నంబర్లు చెప్పుకుంటారు, ఆ నంబర్లలోనే పోయిన చివరి మెసేజ్ కూడా బయటపడుతుంది.

లీడ్ దాన్ని వేళాకోళంగా మొదలుపెట్టింది. "ఓకేనా" అనడం మానేసి, మీటింగ్ చివర ఒక్కొక్కరి వైపూ తిరిగి "మీ చివరి నంబర్ ఎంత?" అనేది. ఎవరికి ఎంతవరకు అర్థమైందో వాళ్ళు చెప్పాలి. మొదట్లో నవ్వులాటగానే ఉండేది.

ఇప్పుడు ఆవిడ వేరే టీమ్‌లో ఉంది, మార్కర్ నా చేతికొచ్చింది. పోయిన నెల ఒక కుర్రాడు చేరాడు, దేశం దాటి వచ్చి మూడు వారాలు. గంటసేపు బోర్డు నింపాను. అతను ఒక్క ముక్క మాట్లాడలేదు, రాసుకుంటూనే ఉన్నాడు. చివర్లో అతని నంబర్ అడిగాను. పెన్ను మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు.

"రెండో గడి దగ్గర ఆగిపోయానండీ," అన్నాడు.

బోర్డు మీద అప్పటికి తొమ్మిది గళ్ళున్నాయి. పై ఏడూ తుడిచేశాను.