పెద్దమ్మ నోటుపుస్తకాలకు ఒక చిరునామా

మా పెద్దమ్మ తణుకులో టీచరుగా చేసి రిటైరైంది. ముప్పై ఏళ్లుగా నోటుపుస్తకాల్లో ఏదో ఒకటి రాస్తూనే ఉంది: ఎవరి పెళ్లిలో ఎన్ని విస్తళ్లు లేచాయో, ఏ ఏడాది కాలవ ఎప్పుడు కట్టేశారో, వాళ్ల అత్తగారు ఆవకాయలో ఉప్పు ఏ గిన్నెతో కొలిచేవారో. సంక్రాంతికి వెళ్తే ఆ పుస్తకాలన్నీ మంచం మీద పరిచి, "ఒరే నాన్నా, ఇవి నెట్‌లో పెట్టాలిరా. ఎక్కడ పెడితే నేను పోయాక కూడా ఉంటాయి?" అని అడిగింది.

బ్లాగు పెట్టుకుందాం అనుకునేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే అని నాకు గట్టిగా అనిపించింది. మనం థీమ్ బాగుందా, స్పీడుందా, డబ్బులొస్తాయా అని అడుగుతాం. ఆవిడ మాత్రం, రాసింది ఉంటుందా అని అడిగింది.

ఫేస్‌బుక్‌లో పెట్టెయ్యమని తమ్ముడన్నాడు. వద్దన్నాను. అక్కడ చదివేవాళ్లు ఉంటారు, నిజమే, కానీ మూడేళ్ల కిందట రాసింది వెతికి తియ్యాలంటే రాసినవాళ్లకే దొరకదు. మీడియం, సబ్‌స్టాక్ లాంటి రాతల సైట్లు ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకి బాగానే ఉంటాయి గానీ, అరవై ఎనిమిదేళ్ల మనిషి ఫోన్‌లో తెలుగు టైపు చేసి తనంతట తను పెట్టుకోవాలంటే అవి నాకు నచ్చలేదు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో సైట్లు పెట్టుకునే గిట్‌హబ్ పేజెస్ ఉచితం, సైటు 1 జీబీ దాకా ఉండొచ్చు, కోడింగ్ వచ్చినవాళ్లకి అంతకంటే హాయి లేదు. పెద్దమ్మకు అది కుదరదు.

మిగిలినవి రెండు: గూగుల్ ఉచితంగా ఇచ్చే బ్లాగర్ (దాని చిరునామాలు బ్లాగ్‌స్పాట్ అని ఉంటాయి), లేదా సొంత హోస్టింగ్, అంటే డబ్బు కట్టి ఒక కంపెనీ సర్వర్‌లో చోటు తీసుకుని అందులో వర్డ్‌ప్రెస్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం.

సొంత హోస్టింగ్ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే దానితో నేను ఏడ్చినంత పని అయింది. 2016లో ఒక విదేశీ కంపెనీ దగ్గర మూడేళ్లకి ఒకేసారి కట్టి తీసుకున్నాను. నెలకు ఇంతే అని పెద్ద అక్షరాల్లో చూపించే రేటు ఆ మొదటి మూడేళ్లకే, రెన్యువల్‌కి వచ్చేసరికి దాదాపు మూడింతలు అడిగారు. సరే అని కార్డు ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెట్టి వదిలేశాను. 2021 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధన వచ్చి, అదనపు అనుమతి లేకుండా కార్డు నుంచి పదేపదే డబ్బులు లాగడం ఆగిపోయింది, చాలా విదేశీ కంపెనీల చెల్లింపులు అప్పుడు ఫెయిలయ్యాయి. నాదీ అయింది. హెచ్చరిక మెయిళ్లు ప్రమోషన్స్ ట్యాబులో పడ్డాయి. నేను చూసేసరికి సైటు లేదు, బ్యాకప్పులు కూడా అదే సర్వర్‌లో ఉన్నాయి కాబట్టి అవీ లేవు.

నా ల్యాప్‌టాప్‌లో ఎప్పటిదో డేటాబేస్ కాపీ ఒకటి దొరికింది. కొత్త సర్వర్‌లో ఎక్కించి పేజీ తెరిస్తే, మా నాన్న గురించి రాసిన పోస్టు శీర్షిక ఉండాల్సిన చోట "????? ????" అని ఉంది. పోస్టు నిండా అవే, మధ్యలో తారీఖులు మాత్రం బాగున్నాయి. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. డేటాబేస్ లాటిన్ అక్షరాల సెట్టింగులో తయారైంది, దాన్ని అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4కి మార్చి మళ్లీ మొదటినుంచి ఎక్కిస్తే తెలుగు తిరిగొచ్చింది. ఫైలు పాడవలేదు కాబట్టి సరిపోయింది. ఆ కాపీ తర్వాత రాసినవాటిలో కొన్ని, పాత వెబ్‌పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికాయి, మిగతావి పోయాయి.

తెలుగులో రాసేవాళ్లు చూసుకోవాల్సింది ఇంకోటుంది. ఏ హోస్టింగ్ కంపెనీ దీని గురించి చెప్పదు. వర్డ్‌ప్రెస్‌లో పోస్టు లింకుకు 200 అక్షరాల హద్దు ఉంది. తెలుగు అక్షరం ఒక్కోటి లింకులోకి వెళ్లేటప్పుడు తొమ్మిది అక్షరాల కోడ్‌గా మారుతుంది, గుడికీ కొమ్ముకీ పొల్లుకీ కూడా విడివిడిగా లెక్కే. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు. పెద్దమ్మ మొదటి పోస్టుకి "గోదావరి కాలవ కట్టేసిన వేసవి" అని పేరు పెట్టింది. నా వర్డ్‌ప్రెస్ సైటులో పెట్టి చూస్తే లింకు "గోదావరి-కాలవ-కట్టేసిన-వే" దగ్గర తెగిపోయింది. బ్లాగర్‌లో అసలు తెలుగు శీర్షికను పట్టించుకోదు, బ్లాగ్-పోస్ట్, బ్లాగ్-పోస్ట్_12 అని తనకు తోచిన పేరు పెట్టేస్తుంది. పాత తెలుగు బ్లాగుల లింకులన్నీ అలా ఉండటానికి కారణం అదే. రెండింటికీ మందు ఒకటే, పోస్టు పబ్లిష్ చేసే ముందే లింకు సెట్టింగులోకి వెళ్లి ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న పేరు రాసుకోవడం. బ్లాగర్‌లో తర్వాత మార్చితే అప్పటికే పంచుకున్న లింకులు చెడతాయి.

చివరికి బ్లాగర్ అనే తేల్చాను. 2008 ప్రాంతంలో లేఖిని అనే తెలుగు టైపింగ్ పేజీలో టైపు చేసి బ్లాగుల్లో అతికించి, పొద్దున్నే తెలుగు బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకచోట చూపే కూడలి, జల్లెడ తెరిచి ఎవరేం రాశారో చూసుకునే రోజుల్లో దాచుకున్న లింకులు నా దగ్గర ఇంకా ఉన్నాయి. మొన్న ఒక్కోటీ నొక్కి చూశాను. బ్లాగ్‌స్పాట్‌లో ఉన్నవి చాలా వరకు తెరుచుకున్నాయి, రాసినవాళ్లు పదేళ్లుగా అటు చూడకపోయినా. సొంత హోస్టింగ్‌లో ఉన్నవి చాలా వరకు లేవు. డబ్బు కట్టే మనిషి ఆపేస్తే అంతే. పెద్దమ్మ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అది.

అయితే గూగుల్ మీద పూర్తి భరోసా పెట్టుకోమని ఎవరికీ చెప్పను. 2013లో బ్లాగులన్నీ ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్‌ని మూసేశారు, 2019లో ఫేస్‌బుక్ లాంటి గూగుల్ ప్లస్‌ని మూసేశారు. 2012 నుంచి కొన్నేళ్లు మన దేశంలో చదివేవాళ్లకి బ్లాగ్‌స్పాట్ చిరునామాలు డాట్ ఇన్‌తో కనిపించేవి, జనం ఆ లింకులే పంచుకున్నారు, 2020లో ఆ డొమైనే, అంటే ఆ చిరునామా పేరే, గూగుల్ చేతిలోంచి జారిపోయింది. అందుకే బ్లాగు ఉచితంగా బ్లాగర్‌లో పెట్టి, చిరునామా పేరు మాత్రం సొంతంగా కొన్నాం. డాట్ కామ్‌కి ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు, పైన 18 శాతం జీఎస్‌టీ. అయిదేళ్లకి ఒకేసారి కట్టాను. రేపు బ్లాగర్ మూసేసినా పోస్టుల్ని ఇంకోచోటికి మార్చుకుని అదే పేరు అటు తిప్పుకోవచ్చు.

డొమైన్ పెద్దమ్మ పేరు మీద, పెద్దమ్మ మెయిల్‌తోనే తీసుకున్నాం. దయచేసి ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, వెబ్‌సైటు చేసిచ్చే కుర్రాడి మెయిల్‌తో కొనిపించుకుంటే ఆ పేరు అతని చేతిలో ఉంటుంది, మీ చేతిలో కాదు. అతను ఉద్యోగం మారి నంబరు మార్చేస్తే మీరు చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు.

థీమ్ దగ్గర ఒక్కటే మార్చాను. వరసల మధ్య ఎడం తక్కువగా ఉండి పై వరస ఒత్తులు కింది వరస గుడుల్లో కలిసిపోతున్నాయి, లైన్ హైట్ 1.8కి పెంచితే విడిపోయాయి. పెద్దమ్మ అక్షరాలు ఇంకాస్త పెద్దవి కావాలంది, పెంచాను.

నెలకోసారి బ్లాగర్ సెట్టింగుల్లోంచి బ్యాకప్ ఫైలు దించుతున్నాను. అందులో రాతలు, కామెంట్లు వస్తాయి గానీ ఫొటోలు రావు, వాటిని వేరే ఫోల్డరులో పెడుతున్నాను. రెండూ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెద్దమ్మ బీరువాలో నోటుపుస్తకాల పక్కనే ఉంది. ఇప్పటికి పదకొండు పోస్టులయ్యాయి, ఆవకాయది ఇంకా రాస్తోంది, ఆ గిన్నె ఫొటో తీసి పంపమని అడిగాను.