జీపు పని, 7వ వారం: కొత్త రంగు గీకక తప్పలేదు

పెయింటింగ్ అయిన సంబరంలో పోయిన నెల జీపు వేసుకుని నల్లగొండ గడియారం సెంటర్ దాకా రెండు చక్కర్లు కొట్టాను. చీకటి పడ్డాక గానీ అసలు సంగతి తెలియలేదు. కుడి హెడ్‌లైటు గుడ్డి దీపంలా ఉంది. ఇండికేటర్ వేస్తే దానితోపాటు హెడ్‌లైటూ మిణుకుమిణుకుమంటోంది.

బల్బు మార్చాను, హోల్డర్ మార్చాను. రెండు ఆదివారాలు పోయాయి. చివరికి తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్నకు ఫోన్ చేస్తే, "ఇండికేటర్‌తోని లైటు ఆడుతుందంటే ఎర్తే తమ్మీ. బాడీ ఎర్త్ చూసినవా?" అన్నాడు. ఎర్త్ అంటే లైటు నుంచి కరెంటు బాడీ ఇనుము గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగెళ్లే దారి. చూశానన్నాను. మల్టీమీటరు ఓమ్స్‌లో (కరెంటుకు ఉన్న అడ్డు) దాదాపు సున్నా చూపించింది మరి!

అక్కడే బోల్తా పడ్డాను. ఒక్క పోగు తగులుతున్నా ఓమ్స్‌లో సున్నాలాగే కనిపిస్తుంది. 55 వాట్ల బల్బు లాగేది నాలుగున్నర ఆంపియర్లు, కాబట్టి లైటు వెలుగుతుండగానే చూడాలి. మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక వైరు బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి హెడ్‌లైటు ఎర్త్ పిన్నుకు ఆనిస్తే 1.8 వోల్టులు. 0.2 దాటితేనే అనుమానించాలి.

ఎర్త్ వైరు చివర బోల్టుతో బిగించే రింగు, అదే థింబుల్, విప్పితే దాని కింద ప్రైమరు, ఆపైన రెండు పూతల రంగు. అంత మోజుపడి వేయించిన రంగు గీకడానికి చెయ్యి రాలేదు. చాయ్ తాగొచ్చి మొదలుపెట్టాను.

ముందు బ్యాటరీ మైనస్ తీశాను. మడ్‌గార్డు లోపలి పక్క, పాత రంధ్రం చుట్టూ రూపాయి బిళ్లంత మేర ఎమిరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్దాను. 4 స్క్వేర్ ఎంఎం వైరుకు కొత్త థింబుల్, 6 ఎంఎం బోల్టు, రేకును కరిచి పట్టడానికి స్టార్ వాషర్, 10 నంబరు పానాతో బిగింపు. బిగించాక పైన వ్యాసలిన్, చుట్టూ రెడ్ ఆక్సైడ్. రంగు ముందు వేస్తే కథ మళ్లీ మొదటికే.

జీపు బాడీ ఛాసీ మీద రబ్బరు బుష్షుల మీద కూర్చుంటుంది, ఇంజినూ అంతే. అందుకని బాడీకీ ఛాసీకీ మధ్య ఒకటి, ఇంజినుకూ ఛాసీకీ మధ్య ఒకటి ఎర్త్ కోసం ఉండే అల్లిక తీగ పట్టీలు కూడా మార్చాను. ఇంజినుది తెగితే స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్‌ను దారి చేసుకుని దాన్ని కాల్చేయగలదు.

ఇప్పుడు కుడి పక్క 0.07. ఎడమ పక్క ఇంకా 0.4 ఉంది. వచ్చే ఆదివారం అటు రంగు కూడా గీకాలి, పెయింటరు కంట పడకుండా.